చలికి కట్టే అద్దె



ఎమ్మారై స్కానింగ్ గది తలుపు మీద, లోపలి అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని ఒక హెచ్చరిక రాసి ఉంటుంది. దాన్ని అక్షరాలా నమ్మాలి. ఆ రోజు స్కానింగులన్నీ అయిపోయి సిబ్బంది ఇంటికి వెళ్లిపోయినా, ఊరంతా కరెంటు పోయినా, ఆ అయస్కాంతం బలం తగ్గదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆస్పత్రిలో, రోగికి తోడుగా వెళ్లిన ఒక యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి అడుగుపెట్టాడు. మెషిన్ ఆఫ్‌లోనే ఉందని అతనికి చెప్పినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. సిలిండర్‌తో సహా అయస్కాంతం అతణ్ని లాగేసుకుంది. ప్రాణం దక్కలేదు.

సరఫరా లేకపోయినా అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? మెషిన్ గొట్టం చుట్టూ నియోబియం, టైటానియం కలిపిన మిశ్రలోహపు తీగను కిలోమీటర్ల కొద్దీ చుట్టి ఉంచుతారు. ఆ చుట్టంతా ద్రవ హీలియం చలిలో ఉంటుంది. అక్కడి ఉష్ణోగ్రత మైనస్ 269 డిగ్రీల సెల్సియస్. అంత చలిలో ఆ తీగకు విద్యుత్ నిరోధం ఉండదు. తగ్గిపోవడం కాదు, అసలే ఉండదు. మెషిన్ బిగించినప్పుడు ఇంజినీర్లు ఒకసారి కరెంటు ఎక్కించి, చుట్టను లోపల్లోపలే కలిపేసి, బయటి సరఫరా తీసేస్తారు. ఆపైన ఆ కరెంటు ఏళ్ల తరబడి తనంతట తానే తిరుగుతూ ఉంటుంది. దీన్నే అతివాహకత అంటారు. సూపర్ కండక్టివిటీ అనే మాట కూడా మీరు వినే ఉంటారు.

వింటుంటే ఉచితంగా వచ్చిన సంపదలా ఉంటుంది గానీ, ఉచితమేమీ కాదు. ఆ తీగ కరెంటుకు పైసా అడగదు, చలికి మాత్రం క్షణం క్షణం అద్దె వసూలు చేస్తుంది. అద్దె ఆగిన మరుక్షణం ఇల్లు ఖాళీ చేయిస్తుంది. ఈ శాస్త్రంలో నూరేళ్ల పైబడి జరిగిన కథంతా ఆ అద్దె ఎలా కట్టాలి, ఎలా తగ్గించుకోవాలి అన్నదే. ఈ పూట మనం మాట్లాడుకునేది దాని గురించే.

చలి అంటూ విడిగా తయారయ్యే సరుకేమీ లేదు. ఉన్న వేడిని బయటికి తోడిపోయడమే చలి పుట్టించడం. తోడుతూ పోతే ఒక అడుగు వస్తుంది. మైనస్ 273.15 డిగ్రీలు. దాన్ని పరమ శూన్యం అంటారు, కెల్విన్ కొలత అక్కడి నుంచే మొదలవుతుంది. దారిలో మజిలీలున్నాయి. మామూలు గాలిని చల్లబరుస్తూ పోతే మైనస్ 183 దగ్గర ఆక్సిజన్, మైనస్ 196 దగ్గర నైట్రోజన్ ద్రవాలవుతాయి. హైడ్రోజన్ కోసం మైనస్ 253 దాకా దిగాలి. అన్నిటికన్నా మొండిది హీలియం. అది మైనస్ 269కి గానీ లొంగదు.

లోతుకు దిగేకొద్దీ తోడే కష్టం పెరుగుతుంది. నైట్రోజన్ మెట్టు దగ్గర ఒక వాటు వేడిని బయటికి తీయాలంటే, యంత్రంలో ఏ లోపమూ లేదనుకున్నా, 3 వాట్ల దాకా పని చేయాలి. హీలియం మెట్టు దగ్గర అదే ఒక్క వాటుకు కనీసం 70 వాట్లు కావాలి. ఆచరణలో పెద్ద ప్లాంటులో కూడా అది 200 దాటిపోతుంది. పైగా హీలియం మహా సుకుమారం. లీటరు నైట్రోజన్‌ను ఆవిరి చేసే వేడి తగిలితే హీలియం దాదాపు 60 లీటర్లు ఎగిరిపోతుంది. అద్దె ఏ మెట్టు దగ్గర ఎంతో ఈ లెక్కలే చెబుతాయి.

పై మెట్టు చలి, అంటే నైట్రోజన్ చలి, మన పల్లెలకు కొత్త కాదు. గేదె ఎదకొచ్చిందని కబురు పెడితే, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి మీద క్యాన్ పెట్టుకుని వస్తాడు. మూత తీయగానే తెల్లటి పొగ అంచు దాటి కిందికి జారుతుంది. అది నైట్రోజన్ కాదు, ఆ చలికి గాలిలోని తేమ మంచుగా మారి కనిపించడం. మేలుజాతి దున్న వీర్యం నింపిన సన్నటి స్ట్రాలు ఆ క్యాన్‌లో మైనస్ 196 దగ్గర ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయి. అతను పట్టకారుతో ఒక స్ట్రాను తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి గన్‌లో పెట్టుకుంటాడు. ఏ స్ట్రా కావాలో వెతుక్కునేటప్పుడు మాత్రం క్యాన్ మెడ దాటి పైకి ఎత్తడు. కొన్ని క్షణాలు బయటి గాలి తగిలినా లోపలి కణాలు దెబ్బతింటాయి. నైట్రోజన్ ఎంత మిగిలిందో తెలియాలంటే స్కేలు లోపలికి దించి పైకి తీసి, గాలిలో ఆడిస్తాడు. ఎంత మేర తెల్లగా మంచు పడితే అంత ఉన్నట్టు. తరిగిన కొద్దీ పోయించుకోవాల్సిందే. ఆ పోయించుకోవడమే పల్లెటూరి అద్దె.

2021 ఏప్రిల్‌లో కరోనా రెండో విడత విరుచుకుపడినప్పుడు ఇదే చలి దేశమంతటికీ ప్రాణావసరమైంది. ఉక్కు కర్మాగారాలు గాలిని చల్లబరిచి ఆక్సిజన్ వేరు చేస్తాయి, ఉక్కు తయారీకి అది కావాలి. ఆ ఆక్సిజన్‌నే ఆస్పత్రులకు మళ్లించారు. దేశంలో నిండు ట్యాంకర్లతో కదిలిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఆ నెల 22న విశాఖపట్నం నుంచి మహారాష్ట్రకు బయలుదేరింది. లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే దాదాపు 850 లీటర్ల వాయువవుతుంది. అందుకే సిలిండర్లకన్నా ట్యాంకరు మేలు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఒడిశాకు ఖాళీ ట్యాంకర్లను పంపారు, నిండినవి మాత్రం నేల మీదే తిరిగి వచ్చాయి. ఆ ద్రవాన్ని విమానంలో ఎక్కించడం ప్రమాదం.

ఇక అడుగు మెట్టుకు వద్దాం. హీలియం కథలో మొదటి పేజీ మన గడ్డ మీదే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కోస్తా మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ ఆ గ్రహణం కోసమే గుంటూరు వచ్చి మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దుర్బీను నిలిపాడు. సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు కనిపించాయి. ఇవి గ్రహణం లేకుండా కూడా కనిపించేటంత ప్రకాశంగా ఉన్నాయే అనుకున్న జాన్సెన్ మర్నాడు చూశాడు, కనిపించాయి. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ ఆ జ్వాలల్లోని పసుపు గీతను కొలిచి, అది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చాడు. అదే హీలియం. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీసేదాకా అది సూర్యుడి సొత్తే అనుకున్నారు.

యురేనియం, థోరియం లాంటివి క్షీణించేటప్పుడు వెలువడే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమే. కాబట్టి థోరియం ఉన్న మోనజైట్ ఇసుకలో కూడా అది చిక్కుకుని ఉంటుంది. మన శ్రీకాకుళం, భీమిలి తీరాల ఇసుకలోనూ మోనజైట్ ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో హైకె కామర్లింగ్ ఒన్నెస్ అనే ప్రొఫెసరు మోనజైట్‌ను అమెరికా నుంచి పెద్ద ఎత్తున తెప్పించుకుని, కాల్చి, శుద్ధి చేసి హీలియం కూడబెట్టాడు.

ఒన్నెస్ మేధావే గానీ, అతని అసలు బలం అతను తయారుచేసుకున్న పనివాళ్లలో ఉంది. గాజు ఊదడం, పంపులు బిగించడం, లోహపు పని నేర్పే బడిని 1901లో ప్రయోగశాల పక్కనే పెట్టించాడు. నీలం కోట్లు తొడుక్కుని పని నేర్చుకునే ఆ పిల్లలకు నీలి కుర్రాళ్లని పేరు. ప్రయోగశాల యంత్రాంగమంతా హెరిట్ ఫ్లిమ్ అనే మేస్త్రీ చేతుల మీదుగా నడిచేది.

1908 జులై 10 తెల్లవారుజామున 5.45కి పని మొదలైంది. ముందురోజే 75 లీటర్ల ద్రవ గాలి సిద్ధం చేసి పెట్టుకున్నారు. దాని చలితో మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా 20 లీటర్ల ద్రవ హైడ్రోజన్ తీశారు. ఆ హైడ్రోజన్ చలితో హీలియాన్ని చల్లబరచడం మొదలుపెట్టారు. సాయంత్రానికి హైడ్రోజన్ అయిపోవచ్చింది. ఉష్ణమాపకం ఒకచోట ఆగిపోయి ఎంతకీ కిందికి దిగదు. గాజు పాత్రలో ఏమీ కనిపించదు. ఆ రోజు ప్రయోగం చూడ్డానికి వచ్చిన ష్రైనెమేకర్స్ అనే ప్రొఫెసరు, పాత్ర కింది నుంచి దీపం వేసి చూడమన్నాడు. వేసి చూస్తే ద్రవం ఉపరితలం గాజు మీద సన్నటి గీతలా మెరిసింది. రాత్రి ఏడున్నర ప్రాంతం. అప్పటికే ద్రవమైన హీలియం కళ్లెదుటే ఉంది, పారదర్శకం కాబట్టి ఆనలేదంతే. దొరికింది 60 మిల్లీలీటర్లు.

ఆ మెట్టు మీద నిలబడి ఏం చూడాలి? చలికి లోహాల నిరోధం ఏమవుతుందన్నది అప్పటి పెద్ద ప్రశ్న. మెల్లగా తగ్గుతుందని కొందరు, ఎలక్ట్రాన్లు గడ్డకట్టి మళ్లీ పెరుగుతుందని మరికొందరు అనుకునేవారు. పాదరసాన్ని ఎంచుకున్నారు. పదేపదే స్వేదనం చేసి దాన్ని ఎంతో స్వచ్ఛంగా చేయవచ్చు. 1911 ఏప్రిల్ 8న ఒన్నెస్, ఫ్లిమ్ చలి సంగతి చూస్తుంటే, దూరంగా చీకటి గదిలో హిల్లెస్ హోల్స్ట్ గాల్వనోమీటరు చూస్తూ కూర్చున్నాడు. నిరోధం ఇంచుమించు సున్నా. ఆపైన జరిపిన ప్రయోగాల్లో తేలింది, 4.2 కెల్విన్ దగ్గర అది మెల్లగా కాదు, ఉన్నట్టుండి పడిపోతోందని. ఎవరూ ఊహించని ఫలితమిది. 1913లో ఒన్నెస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

నష్టం లేని కరెంటు దొరికితే మహా బలమైన అయస్కాంతాలు చేసుకోవచ్చని ఒన్నెస్ వెంటనే లెక్కలు కట్టాడు. సీసపు తీగ చుట్టి చూస్తే కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే అతివాహకత చచ్చిపోయింది. తన కరెంటు పుట్టించిన క్షేత్రమే దాన్ని చంపేసింది. 1932లో ఫ్లిమ్ ఒక సీసపు ఉంగరంలో 200 ఆంపియర్ల కరెంటు ఎక్కించి, ద్రవ హీలియంలో ముంచి, లైడెన్ నుంచి లండన్‌కు పట్టుకెళ్లి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసంలో చూపించాడు. దారి పొడవునా కరెంటు తిరుగుతూనే ఉంది. చూసినవాళ్లకు అబ్బురమే గానీ, దాంతో చేయగలిగిన పని లేదు.

ఎందుకిలా జరుగుతుందో 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. చలిలో ఎలక్ట్రాన్లు జంటలుగా కుదురుకుని అన్నీ ఒకే నడకలో సాగుతాయి, లోహపు కంపనాలు వాటిని చెదరగొట్టలేవు. వేడి గానీ, క్షేత్రం గానీ, కరెంటు గానీ హద్దు మీరితే జంటలు విడిపోతాయి. 1960ల్లో నియోబియం మిశ్రమాలు ఆ హద్దును బాగా పైకి జరిపాయి. అందులో నియోబియం-టైటానియం సాగుతుంది, తీగ లాగడానికి వీలుగా ఉంటుంది. ఎమ్మారైల్లో అదే వాడుతున్నారు. మామూలు ఎమ్మారై అయస్కాంతం బలం 1.5 టెస్లా, భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు.

మరి అద్దె కట్టడంలో ఒక్క క్షణం ఏమరితే? తీగలో ఏదో ఒక చోట కాస్త వేడి పుడుతుంది. ఆ ముక్క అతివాహకత కోల్పోతుంది, నిరోధం వస్తుంది, దాంతో ఇంకా వేడి, ఆ వేడి పక్క ముక్కకు పాకుతుంది. క్షణాల్లో చుట్టంతా వేడెక్కి హీలియం భగ్గున ఆవిరవుతుంది. దీన్ని క్వెంచ్ అంటారు. లీటరు ద్రవ హీలియం 700 లీటర్లకు పైగా వాయువవుతుంది, పాత తరహా మెషిన్లలో అలాంటివి వెయ్యి లీటర్లకు పైనే ఉంటాయి. అందుకే స్కానింగ్ గది నుంచి కప్పు మీదికి ఒక లావాటి గొట్టం వేస్తారు. అది మూసుకుపోతే హీలియం గదిలోకే వచ్చి, గాలిని తోసేసి, ఊపిరాడకుండా చేస్తుంది.

ఇదే ఏమరుపాటు ప్రపంచంలోకెల్లా పెద్ద యంత్రంలో జరిగింది. జెనీవా దగ్గర సెర్న్ సంస్థలోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ చుట్టుకొలత 27 కిలోమీటర్లు. ప్రోటాన్లను వంచి తిప్పే 1,232 ప్రధాన అయస్కాంతాలు, ఒక్కోటి 15 మీటర్ల పొడవు, 1.9 కెల్విన్ చలిలో ఉంటాయి. అందుకు దాదాపు 120 టన్నుల హీలియం కావాలి. 2008 సెప్టెంబరు 10న ఎంతో అట్టహాసంగా అది మొదలైంది. తొమ్మిది రోజులకే, 19న, రెండు అయస్కాంతాల మధ్య టంకం వేసిన ఒక అతుకు సరిగా లేక వేడెక్కింది. ఆ అతుకు నిరోధం ఎంతో తెలుసా? ఓమ్‌లో కోటి వంతులు చేస్తే రెండు వంతులు. వేల ఆంపియర్లు పారే చోట అదే చాలింది. నిప్పు రవ్వ పుట్టి హీలియం పాత్ర గోడ చీలింది, ఆరు టన్నుల హీలియం సొరంగంలోకి పోయింది, టన్నుల కొద్దీ బరువున్న అయస్కాంతాలు పునాదుల మీంచి కదిలాయి. 53 అయస్కాంతాలను పైకి తీయాల్సి వచ్చింది. మళ్లీ కణాలు తిరిగింది 2009 నవంబరులో. ఆ అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే సుమారు 7 వేల జాకీలు మన దేశంలో తయారై వెళ్లినవే. వాటి రూపకల్పన ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రానిది.

అతివాహకతతో సంబంధం లేకుండా, ఇంధనం కోసం చలిని మోసే చోటు మన రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. క్రయోజెనిక్ ఇంజన్‌లో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కలిసి మండుతాయి. ఇంధనం బరువుకు తగ్గ తోపుడు చూస్తే రసాయన ఇంజన్లలో దీనికి సాటి తక్కువ. కష్టమంతా చలితోనే. లీటరు ద్రవ హైడ్రోజన్ బరువు 70 గ్రాములే. నిమిషానికి దాదాపు 40 వేల చుట్లు తిరిగే పంపు ఒక పక్క మైనస్ 253 డిగ్రీల ద్రవాన్ని లాగుతూ, ఇంకో పక్క మండే వాయువుల వేడిని భరించాలి. కుదించుకుపోయే లోహాల మధ్య సందు ఎంత ఉంచాలన్నదే విద్య. రష్యా నుంచి ఆ విద్యను తెచ్చుకోవాలని 1991లో ఒప్పందం చేసుకున్నాం, అమెరికా ఒత్తిడితో 1993లో అది ఆగింది. తయారైన ఇంజన్లిచ్చారు, కిటుకు ఇవ్వలేదు. స్వదేశీ ఇంజన్ 2010 ఏప్రిల్ 15న మొదటిసారి ఎగిరినప్పుడు హైడ్రోజన్ బూస్టర్ పంపు ఆగిపోయి రాకెట్ సముద్రంలో పడింది. దాదాపు నాలుగేళ్లు మహేంద్రగిరి పరీక్షా కేంద్రంలో పరీక్షల మీద పరీక్షలు చేశారు. 2014 జనవరి 5న గెలిచారు. 2023 జులై 14న చంద్రయాన్-3ను పైకి తీసుకెళ్లిన రాకెట్ చివరి దశలో మండింది ఆ విద్యలోంచి ఎదిగిన పెద్ద ఇంజనే.

అద్దె తగ్గించే ప్రయత్నంలో పెద్ద మలుపు 1986లో వచ్చింది. జూరిక్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ ఒక రాగి ఆక్సైడ్ పింగాణిలో 30 కెల్విన్ దాటిన అతివాహకతను చూశారు. మరుసటి ఏడాది మొదట్లో అమెరికాలో పాల్ చూ, ఎమ్.కె. వూ బృందాలు ఇట్రియం కలిపిన అలాంటి పింగాణిలో దాన్ని 93 కెల్విన్‌కు చేర్చాయి. నైట్రోజన్ మెట్టు 77 దగ్గరే కదా ఉంది! ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి, 70 వాట్ల చోట 3 వాట్లు. ప్రపంచమంతా ఊగిపోయింది. బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందం కూడా ఆ పరుగులో ముందువరుసలో ఉంది. అయితే పింగాణి పెళుసు, తీగ లాగితే విరుగుతుంది. పల్చటి పొరగా లోహపు పట్టీ మీద పరిచి టేపులా చేయడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడిప్పుడే ఆ టేపులు కేబుళ్లలోకి, ఫ్యూజన్ యంత్రాల అయస్కాంతాల్లోకి వస్తున్నాయి.

ఇక అసలు అద్దే లేని ఇల్లు, అంటే మామూలు గది వేడిలో పనిచేసే అతివాహకం, దొరికిందని అప్పుడప్పుడూ వార్త వస్తుంది. 2020లో, 2023లో పేరున్న శాస్త్ర పత్రికలో అచ్చయిన రెండు వ్యాసాలను ఆ తర్వాత పత్రికే ఉపసంహరించింది. 2023 వేసవిలో దక్షిణ కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే-99 అనే పదార్థం వారాల్లోనే తేలిపోయింది. గది వేడి దగ్గరికి నిజంగా వెళ్లిన హైడ్రోజన్ సమ్మేళనాలు భూగర్భంలో ఉండే స్థాయి ఒత్తిడిలో గానీ పనిచేయవు. అక్కడ చలికి బదులు ఒత్తిడికి అద్దె కట్టాలి.

ఈలోగా చలి అవసరం పెరుగుతోందే గానీ తగ్గడం లేదు. అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని, ఐబీఎం క్వాంటం కంప్యూటరు వస్తుందని 2025లో ప్రకటించారు. ఆ కంప్యూటర్లలో లెక్కలు కట్టే మూల భాగాలైన క్యూబిట్లు అతివాహక వలయాలే. వాటికి 4 కెల్విన్ కూడా వేడే, కెల్విన్‌లో వందో వంతు స్థాయికి దించాలి. మరోపక్క హీలియం కొరత ఉండనే ఉంది. అది సహజవాయువుతో పాటు అమెరికా, ఖతార్ లాంటి కొన్ని చోట్లే పైకి వస్తుంది, మనం దాదాపు అంతా దిగుమతి చేసుకుంటాం. గాల్లోకి వదిలిన హీలియాన్ని మళ్లీ పట్టుకోవడం గిట్టుబాటు కాదు. అది తేలిక కాబట్టి చివరికి భూమినే విడిచిపోతుంది. భూగర్భంలో మళ్లీ కూడడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది.

అందుకే నా మాట ఇది. హీలియం వాడే ప్రతి ప్రయోగశాలా ఆవిరైనదాన్ని పట్టి మళ్లీ ద్రవం చేసుకునే ఏర్పాటు పెట్టుకోవాలి. చాలా పెద్ద సంస్థల్లో ఉంది, చిన్నవాటికి కలిసి వాడుకునే కేంద్రాలు కావాలి. కొత్త తరహా ఎమ్మారైలు కొన్ని లీటర్ల హీలియంతోనే నడుస్తున్నాయి, కొనేటప్పుడు ఆస్పత్రులు ఆ సంగతి అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో శూన్యంలో లీకు పట్టడం, అతివాహక తీగకు అతుకు వేయడం, క్రయోజెనిక్ కవాటం బిగించడం నేర్పాలి. సెర్న్‌లో యంత్రం కూలింది సిద్ధాంతం తప్పి కాదు, ఒక అతుకు సరిగా పడక. లైడెన్ గెలిచింది ఆ అతుకులు వేసే కుర్రాళ్లను ముందే తయారుచేసుకున్నందుకు. క్వాంటం కంప్యూటరును కొనుక్కోవచ్చు. దాన్ని ఏడాది పొడవునా చల్లగా నిలబెట్టే మనుషులను మాత్రం మనమే తయారుచేసుకోవాలి.